గోడల విలువ

మా బైరెడ్డిపల్లెలో బైకుకు ఇన్సూరెన్సు కట్టనోళ్లు తక్కువ. పలమనేరు రోడ్డులో పోలీసాయన చెయ్యి అడ్డం పెడతాడని భయం. పాలావుకు కడతాం, చెవికి పోగు వేయించి మరీ. మనుషులకూ కడతాం. చుట్టాల్లో ఎవరో ఒకరు ఎల్‌ఐసీ ఏజెంటుగా ఉంటారు, కాదంటే మాట పోతుంది. అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోసి కట్టుకున్న ఇంటిని మాత్రం దేవుడి మీద భారం వేసి వదిలేస్తాం. 2021 నవంబరు దాకా మా ఇంట్లోనూ అంతే.

ఆ నెల 18న పట్టిన వాన 19 తెల్లారినా వదల్లేదు. వాయుగుండం పుదుచ్చేరికి, చెన్నైకి నడుమ తీరం దాటింది. రాజంపేట పక్క అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది కూడా 19నే. ఆ వార్తలన్నీ మాకు తర్వాత తెలిసినాయి, ఆ రెండు రోజులూ కరెంటు లేదు. ఎదురింట్లో ఉండే మా చిన్నాయన ఇల్లు రాతి గోడలది. సిమెంటు కాదు, మట్టి అడుసు. పైన మంగళూరు పెంకు. వాళ్ల నాయన కాలంలో కట్టింది. 19 పొద్దున పడమటి గోడ మధ్యలో బయటికి ఉబ్బింది. చిన్నాయన దాన్ని చూసి ఏమీ మాట్లాడకుండా ముందు ఆవుల్ని విప్పి మా పంచలోకి తోలినాడు. తర్వాత ట్రంకు పెట్టె, వడ్ల మూటలు మోసినాము. చిన్నమ్మ దేవుడి పటాలు తీసుకుని బయటికి వచ్చిన కాసేపటికి గోడ కింది రాయి ఒకటి జారింది. ఆపైన పెద్ద శబ్దం కూడా లేదు. గోడ నీళ్లతో తడిసి బరువెక్కి ఉండాది గదా, కూర్చున్నట్టు దిగిపోయింది. దాని వెనకనే పెంకులు మాత్రం గలగలమని చానాసేపు రాల్తానే ఉన్నాయి.

అదే రోజు ఘాటు కింద పేర్ణంబట్టులో ఇల్లు కూలి తొమ్మిది మంది పోయినారని సాయంత్రానికి తెలిసింది. అందులో నలుగురు పిల్లలు. పేర్ణంబట్టు తమిళనాడే గానీ మాకు పరాయి ఊరు కాదు, ఘాటు దిగితే వస్తుంది. ఆ మాట విన్నాక చిన్నమ్మ పెంకుల కోసం ఏడవడం మానేసింది.

వాన వెలిసినాక గ్రామ సచివాలయం నుంచి ఇంజనీరింగ్ అసిస్టెంటు వచ్చి ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. మంచి పిల్లోడు, బురదలో దిగి నాలుగు పక్కలా చూసినాడు. అప్పటి విపత్తు సాయం నిబంధనల ప్రకారం ఇల్లు పూర్తిగా కూలిపోతే 95,100 రూపాయలు. పక్కా ఇల్లు కొంత భాగం దెబ్బతింటే 5,200. చిన్నాయనది ఒక గోడ, సగం పైకప్పు. మిగతా మూడు గోడలు నిలబడి ఉన్నాయి కాబట్టి రెండో లెక్క కిందికి వచ్చింది. మేస్త్రీని పిలిచి అడిగితే ఆ గోడ లేపి పెంకు కప్పడానికి లక్ష దాకా అవుతుందన్నాడు. "తక్కిన మూడూ నేనే తోసేసుంటే సరిపోయేది గదరా," అని చిన్నాయన నవ్వినాడు. ప్రభుత్వం ఇచ్చేది సాయమే, నష్టపరిహారం కాదు. అది ఆ రోజు దాకా మాలో ఎవరికీ తట్టలేదు.

పది రోజులకు, 29న తెల్లారుజామున నాలుగుంబావు దాటినాక మంచం కదిలింది. వంటింట్లో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలినాయి. వేలూరుకు పడమరగా 3.6 తీవ్రతతో భూకంపమని తర్వాత చెప్పినారు. అప్పటికే రామకుప్పం మండలం పల్లెల్లో భూమిలోపల ఏదో పేలినట్టు శబ్దాలొస్తున్నాయని జనం బయట పడుకుంటా ఉన్నారు. మా అన్న లేచి వాకిట్లోకి వచ్చి తన మిద్దె వైపు చూస్తా నిలబడినాడు. 2018లో బ్యాంకు లోనుతో కట్టింది. "మనకేమీ పర్లేదులేరా, లోను ఇచ్చేటప్పుడే ఇన్సూరెన్సు చేసినారు," అన్నాడు.

నేను టీచరుగా రిటైరైనవాణ్ణి. కాగితం కనపడితే చదవకుండా ఉండలేను. తెల్లారినాక ఆ లోను కవరు తెప్పించినాను. ఇన్సూరెన్సు ఉండేది నిజమే. ముప్పై ఎనిమిది వేల రూపాయలు ఒకేసారి ప్రీమియం. అది కూడా లోనులోనే కలిపి దాని మీద నెల నెలా వడ్డీ వసూలు చేస్తా ఉన్నారు. అయితే అది మా అన్న ప్రాణానికి చేసిన పాలసీ. లోను తీరేలోపు ఆయన పోతే మిగిలిన బాకీ కంపెనీ కడుతుంది. గోడలకూ పైకప్పుకూ దాంతో ఏ సంబంధమూ లేదు. నేను చదివి చెప్తా ఉంటే వదిన చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"అంటే మీ అన్నకేమన్నా అయితే ఇల్లు మిగుల్తాది. ఇంటికేమన్నా అయితే మీ అన్న మిగుల్తాడు. అంతే కదబ్బోడా?"

అంతే. అంతకంటే తేటగా బీమా వాళ్లెవరూ చెప్పగా నేను వినలేదు. ఆ పాలసీ పనికిమాలినదని నేననను. సంపాదించేది ఒక్కడైన ఇంట్లో అది కూడా కావాల్సిందే. కానీ లోను కాగితాల మీద సంతకాలు పెట్టించుకునే తొందరలో రెండింటినీ "ఇన్సూరెన్సు" అన్న ఒక్క మాటతో దాటేస్తారు. పైగా ఫలానా కంపెనీ దగ్గరే తీసుకోవాలని బ్యాంకు బలవంతం చేయకూడదు. మనకు నచ్చిన చోట చేయించి ఆ పాలసీ చూపిస్తే చాలు.

సంక్రాంతి అయినాక పలమనేరు పోయి విచారించినాము. మొదట ఒక ఏజెంటు కలిసినాడు. పేరు, కంపెనీ ఎందుకులెండి. ఇల్లు ఎక్కడ, రోడ్డుకెంత దూరం, చుట్టుపక్కల సెంటు ఎంత పలుకుతా ఉంది అని అడిగి "నలభై ఐదు లక్షలకు చేద్దాం సార్," అన్నాడు. దొంగతనం, నగలు, టీవీ, ఫ్రిజ్జు అన్నీ కలిపి ఏడాదికి ఎనిమిది వేల పైచిలుకు. అన్న అప్పటికే జేబులో చెయ్యి పెట్టినాడు. ఊరికే సైటు విలువ ఎందుకు కలిపినారని నేను అడగబోతే, మళ్లీ వదినే ముందుకొచ్చింది: "సైటు యాడికన్నా కొట్టుకపోతాదా సార్?"

ఇంటి బీమాలో డబ్బు వృథా అయ్యేది ముఖ్యంగా ఇక్కడే. అమ్మితే వచ్చే ధరకు బీమా చేయిస్తారు. మా ఊరి రోడ్డు పక్క అయితే అందులో సగానికి పైన నేల విలువే. నేల కాలిపోదు, కూలిపోదు. కంపెనీ ఇచ్చేది తిరిగి కట్టుకునే ఖర్చు మాత్రమే. నలభై ఐదు లక్షలకు ప్రీమియం కట్టినా ఇల్లు మొత్తం పోయిన రోజు వచ్చేది మళ్లీ కట్టేందుకు అయ్యేదే.

2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలో ఇంటి బీమా అమ్మే సాధారణ బీమా కంపెనీలన్నీ "భారత్ గృహ రక్ష" అనే ఒకే నమూనా పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. షరతులన్నీ ఒకటే కాబట్టి కంపెనీలను పోల్చడానికి ధర, క్లెయిమ్ ఇచ్చే తీరు చూసుకుంటే చాలు. నిప్పు, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, నీటి ముంపు, కొండచరియలు, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగలడం అన్నీ అందులోనే. భూకంపానికి వేరే కట్టాలని ఎవరన్నా అంటే నమ్మనక్కర్లేదు. మేము ఆ పాలసీకే రేట్లు అడిగినాము. ఒక ప్రభుత్వ కంపెనీ ఆఫీసులో, రెండు ప్రైవేటు కంపెనీల దగ్గర, ఒకటి ఫోనులోనే.

కొలత దగ్గర కొంచెం తల పట్టుకున్నాము. మా మేస్త్రీ లెక్క చదరాల్లో, అంటే నూరు చదరపు అడుగులకు ఒక చదరం. పునాది మీద కొలిస్తే పది చదరాలు. పాలసీకి కావలసింది కార్పెట్ ఏరియా, గోడల మందం తీసేసి లోపలి నేల. టేపు పట్టి చూస్తే 820 అడుగులు వచ్చింది. అన్నకు సంతోషం, కొలత తగ్గింది గదా, ప్రీమియం తగ్గుతుందని. మేస్త్రీ చెప్పిన అడుగుకు 1,500 రూపాయలు పునాది కొలత మీది రేటు. దాన్ని తెచ్చి లోపలి కొలతకు వేసుకుంటే రెండు లక్షల డెబ్బై వేలు ఊరికే జారిపోతాయి. పదిహేను లక్షల ఖర్చు పదిహేను లక్షలుగానే ఉండాలంటే లోపలి కొలత మీద అడుగు రేటు 1,830 దాకా పెట్టాల. అదే పెట్టించినాము. కాంపౌండు గోడ, సంపు, సెప్టిక్ ట్యాంకు కూడా ఇంటి కిందకే వస్తాయి, అడిగి రాయించుకోవాల. వాటికి లక్షన్నర. మొత్తం పదహారున్నర లక్షలు.

సామాన్లకు విడిగా జాబితా ఇవ్వక్కర్లేదు. ఇంటి మొత్తంలో 20 శాతం, పది లక్షలు మించకుండా, దానంతటదే వస్తుంది. మాకు మూడు లక్షల ముప్పై వేలు. బీరువా, మంచాలు, ఫ్రిజ్జు, మిక్సీ, బట్టలు అన్నీ కలిపినా మా ఇంట్లో అంత లేవు. అందుకే అదనంగా ఏమీ అడగలేదు. నగలకు వేరే విలువ కట్టించి కలుపుకోవచ్చు. వదిన వద్దంది. మా పక్క పల్లెల్లో బంగారం ఇంట్లో ఉండే రోజులు తక్కువ. టమోటా నాటేటప్పుడు గోల్డు లోనుకు పోతుంది, మదనపల్లె మార్కెట్లో రేటు పలికినప్పుడు ఇంటికి వస్తుంది. దాన్ని కాపాడే పని బ్యాంకే చేస్తా ఉంది.

దొంగతనం సంగతి మాత్రం ముందే తెలుసుకోవాల. ఈ పాలసీలో అది మామూలుగా రాదు. వరదో నిప్పో వచ్చి ఇల్లు దెబ్బతిన్న ఏడు రోజుల లోపల, ఆ సందు చూసి ఎవడన్నా ఎత్తుకుపోతేనే వస్తుంది. ఇల్లు తాళం వేసి తిరుమల పోయినప్పుడు జరిగే దానికి వేరే పాలసీ కావాల. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి వదిలేసినాము. బెంగళూరులో ఉద్యోగం చేస్తా ఊర్లో ఇల్లు మూసిపెట్టుకున్నోళ్లకు మాత్రం ఆ లెక్క వేరుగా ఉంటుంది. కరెంటు ఎక్కువై మోటారో టీవీయో కాలిపోతే, కాలిన ఆ ఒక్క వస్తువుకు రాదు. దాని నుంచి మంట అంటుకుని పక్కది కాలితే వస్తుంది. కొత్త గోడలు సర్దుకునేటప్పుడు వచ్చే మామూలు పగుళ్లకూ రాదు.

ఇంకో అనుమానం మా చిన్నాయనది. కౌండిన్య అడవి మాకు ఆనుకునే ఉంది. ఏనుగులు చెరుకు, వరి తొక్కడం మామూలే. పొలం పక్క ఇంటి గోడల మీదికి వచ్చిన సంగతులూ విన్నాము. "ఏనుగు తోస్తే ఇస్తారా, అడుగు," అన్నాడు. పాలసీ పుస్తకంలో "బయటి నుంచి ఏ భౌతిక వస్తువు వచ్చి తగిలినా" అని ఉంది. ఉదాహరణకంటూ వాహనం, కూలే చెట్టు, విమానం, గోడ అని రాసినారు. బైరెడ్డిపల్లె మీద విమానం పడడానికి ఎంత అవకాశముందో గానీ, ఏనుగు పేరు మాత్రం లేదు. పాత పాలసీల్లో "జంతువు" అని స్పష్టంగా ఉండేది. ఆఫీసులో అడిగితే "ఏ వస్తువైనా అన్నప్పుడు అదీ వస్తుంది సార్," అన్నారు. నోటిమాట వద్దని ఆ ఒక్క ముక్క మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకున్నాను. పాలసీతో పాటు అది ప్రింటు తీసి పెట్టినాను. నన్ను చూసి ఆ ఆఫీసులో నవ్వుకున్నారేమో, నవ్వుకోనీ.

పదేళ్లకు ఒకేసారి తీసుకున్నాము. దానికి తగ్గింపు ఉంది, ఏటా గుర్తు పెట్టుకునే పనిలేదు. అంతకంటే పెద్ద లాభం, ఎక్కువ ఏళ్ల పాలసీలో బీమా మొత్తం ఏటా 10 శాతం దానంతటదే పెరుగుతా పోతుంది, మొదటి మొత్తానికి రెట్టింపు అయ్యేదాకా, అదనపు ప్రీమియం లేకుండా. సిమెంటు, ఇనుము ధరలు మన కోసం ఆగవు కదా. తక్కువ చెప్పిన కంపెనీ దగ్గర జీఎస్టీ 18 శాతంతో కలిపి పదేళ్లకు ఐదు వేల చిల్లర అయింది. మొదటి ఏజెంటు ఒక ఏడాదికి అడిగిన దానికంటే తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తుల జీవిత బీమాకు, ఆరోగ్య బీమాకు జీఎస్టీ తీసేసినారు గానీ ఇంటికి మాత్రం ఇంకా ఉంది. గోడలకు ఓటు లేదనేమో.

చిన్నాయన చేయించలేదు. తన కొత్త గోడకు సిమెంటు వాడినాడు, అదే నా ఇన్సూరెన్సు అంటాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. గోడ గట్టిగా ఉంటే బీమా అవసరం తగ్గుతుంది. గోడ మీద ఖర్చు మిగిల్చి బీమా చేయించినోడికి మాత్రం క్లెయిమ్ అప్పుడు తెలుస్తుంది. పని నాసిగా చేయడం వల్ల ఇల్లు కుంగి జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత లేదని పాలసీలోనే రాసుంటుంది.

ఆ సంగతి మాకూ తెలిసే రోజు వచ్చింది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటి లోపలికి వచ్చి కృష్ణగిరి జిల్లాను ముంచెత్తింది. ఊత్తంగరైలో 50 సెంటీమీటర్లు పడింది. మాకు అందులో నాలుగో వంతు కూడా లేదు గానీ రోడ్డు మోరీ పూడుకుపోయి నీళ్లన్నీ మా సందులోకి తిరిగినాయి. కాంపౌండు గోడ పునాది పక్కన మోకాటి లోతు. తెల్లారేసరికి గేటు పక్కన నలభై అడుగుల గోడ, సైజు రాళ్లతో సహా సందులోకి ఒరిగిపోయింది.

నేను అన్నింటికంటే ముందు ఫొటోలు తీసినాను. గోడ కంటే నీళ్ల ఫొటోలు ఎక్కువ. ఎందుకంటే వాన తడికి పాత గోడ నాని కూలితే అది వేరు, నీళ్లు నిలబడి తోస్తే అది ముంపు. ముంపు పాలసీలో ఉంది. నాననివ్వడం ఇంటి ఓనరు నిర్లక్ష్యం కింద పోతుంది. అదే పొద్దున కంపెనీకి ఫోను చేసి నంబరు తీసుకున్నాము. క్లెయిమ్ ఫారం ముప్పై రోజుల లోపల ఇవ్వాల. సర్వేయరు వచ్చేదాకా రాళ్లు కదిలించవద్దన్నారు. సందులో ఆటో తిరగడానికి మాత్రం ఒక పక్కకు జరిపినాము, అది కూడా వాళ్లకు చెప్పి.

సర్వేయరు వచ్చి మొదట అడిగిన మాటే అది: "నీళ్లు ఎంత ఎత్తు నిలబడినాయి?" ఎదురు గోడ మీద బురద గీత ఉంది. టేపుతో కొలిచి రాసుకున్నాడు. తర్వాత పునాది తవ్వించి చూసి సిమెంటు గీకినాడు. మా మేస్త్రీ బిల్లు 62,000. సర్వేయరు 51,000 కట్టినాడు. గేటు స్తంభాలకు కొత్తగా గ్రానైటు పలకలు వేయిస్తా ఉన్నాం, అవి పాత గోడకు లేవు గదా, వాటిని కొట్టేసినాడు. రాళ్లు ఎత్తించిన ఖర్చుకు క్లెయిమ్‌లో 2 శాతం దాకా ఇస్తారు, అది కలిపినాడు. అన్న కొట్లాడదామన్నాడు. కంపెనీకి రాసి, ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా నచ్చకపోయినా, హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కానీ గ్రానైటు మాది. దాని కోసం హైదరాబాదు దాకా రాసుకోవడానికి నాకు మనసొప్పలేదు. లోను ఇంకా ఉంది కాబట్టి పాలసీలో బ్యాంకు పేరు రాసుంది. డబ్బు మాకు ఇవ్వడానికి వాళ్లకు అభ్యంతరం లేదని కాగితం తెచ్చేదానికి క్లెయిమ్ కంటే ఎక్కువ తిరగాల్సి వచ్చింది.

పోయినేడు అన్న కొడుకు మిద్దె మీద ఒక గది లేపినాడు. పన్నెండు బై పద్నాలుగు. పాలసీ మొదలైన నాటి కార్పెట్ ఏరియా మీద 10 శాతం కంటే ఎక్కువ పెరిగితే, అదనంగా ప్రీమియం కడితేనే ఆ కొత్త భాగానికి బీమా వర్తిస్తుంది. మాకు 82 అడుగుల దాకా ఫరవాలేదు. ఇది 168. కంపెనీకి రాసి కలిపించినాము, కొన్ని వందలు అయింది.

ఇప్పుడు వదిన పట్టుపురుగుల షెడ్డు పట్టుకుంది. దొడ్లో ఉన్నా అది ఇంటి కిందకు రాదు, వ్యాపారం కింద లెక్క. చిన్న వ్యాపారాలకు "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" అని వేరే పాలసీ ఉంది. దానికి అడిగితే మొదటి ప్రశ్నే పైకప్పు ఏమిటని. ముందర సగం రేకులు, వెనక సగం బోద గడ్డి. బోద ఉంటే కచ్చా కట్టడం కిందకు పోతుంది, రేటు వేరే, కొందరు అసలు తీసుకోరు. రేకులు వేయించేదానికి ఎంతవుతుందో మేస్త్రీ ఇంకా చెప్పలేదు.